చెవిలో హోరు: వైకల్య పింఛను వైద్య పరీక్షకు మాజీ సైనికులు సిద్ధం కావలసిన తీరు

ప్రత్యేక వ్యాసం

శ్రీకాకుళం: దేశ రక్షణకు యువకులను పంపుతున్న ప్రాంతాలలో ఉత్తరాంధ్రకు, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు విశిష్ట స్థానం ఉన్న విషయం విదితమే. ఫిరంగి దళంలోను, పదాతి దళంలోను, ట్యాంకులపైన, నౌకల ఇంజను గదులలోను, వైమానిక స్థావరాలలోను ఏళ్ల తరబడి పనిచేసి స్వగ్రామాలకు తిరిగివచ్చిన వారిలో పలువురిని చెవిలో నిరంతర హోరు బాధిస్తుంది. కొందరికి అది కీచురాళ్ల రొదలా, మరికొందరికి సన్నని ఈలలా, ఇంకొందరికి ట్రాన్స్‌ఫార్మర్ మోతలా వినిపిస్తుంది. పగటి సందడిలో మరుగునపడి, రాత్రి ఊరు సద్దుమణిగిన వేళ విజృంభించడం దీని స్వభావం. వైద్యులు దీనిని టిన్నిటస్ అని, ఆయుర్వేదం కర్ణనాదం అని వ్యవహరిస్తాయి.

ఈ హోరు పక్కనున్న భార్యకు గాని, పరీక్షించే వైద్యునికి గాని వినిపించదు. వైకల్య పింఛను కోరే మాజీ సైనికునికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. వైద్య బోర్డు ముందు ఉండేవి మూడే ఆధారాలు: సర్వీసు కాలంనాటి కాగితాలు, వినికిడి పరీక్ష పట్టిక, బాధితుని నోటి మాట. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగినప్పుడు బోర్డుకు నిర్ణయం సులభమవుతుంది. ఏ ఒక్కటి పొసగకపోయినా నిజమైన బాధకు సైతం గుర్తింపు లభించకపోవచ్చు. కావున పరీక్షకు వెళ్లే ముందు తగిన సన్నద్ధత అవసరం.

హోరుకు కారణం

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా అనే భాగంలో సుమారు 15 వేల సూక్ష్మ రోమకణాలు ఉంటాయి. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేవి ఇవే. ఒకసారి నశించిన రోమకణం మనిషిలో మళ్లీ మొలవదు. చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు ఆ లోటును పూడ్చుకొనే ప్రయత్నంలో లేని శబ్దాన్ని సృష్టించుకొంటుందని, అదే హోరుగా అనుభవంలోకి వస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

కర్మాగారాలలో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ శబ్దాన్ని పరిమితిగా పాటిస్తారు. రైఫిలు పేలినప్పుడు కాల్చే వాని చెవి వద్ద శబ్దం 140 డెసిబెల్స్‌ను మించిపోతుంది. ఫిరంగి శబ్దం అంతకన్నా ఎక్కువ. ఇట్టి శబ్దాల వల్ల కలిగే నష్టం సాధారణంగా 4000 హెర్ట్జ్ పౌనఃపున్యం పరిసరాలలో మొదలవుతుంది. వినికిడి పట్టికలో అక్కడ ఒక గుంట ఏర్పడి, 8000 హెర్ట్జ్ వద్ద గీత తిరిగి కొంత కోలుకొంటుంది. వయసు వల్ల వచ్చే చెవుడులో 8000 హెర్ట్జ్ వద్ద వినికిడి అన్నిటికన్నా ఎక్కువగా తగ్గుతుంది. నడివయసులో తీయించిన పట్టికలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. డెబ్బై ఏళ్లు దాటిన తరువాత వృద్ధాప్యపు నష్టం ఆ గుంటను కప్పివేస్తుంది. అందువల్ల బాధ ఉన్నవారు బోర్డు పిలుపు కోసం ఎదురుచూడకుండా ముందుగానే ఒక ఆడియోగ్రామ్ తీయించి భద్రపరచుకొనడం శ్రేయస్కరం.

బోర్డు తేల్చే మూడు అంశాలు

వైద్య బోర్డు ప్రధానంగా మూడు ప్రశ్నలకు సమాధానం రాస్తుంది. వైకల్యం ఉన్నదా అన్నది మొదటిది. అది సైనిక సేవ కారణంగా కలిగినదా, లేక సేవ వల్ల తీవ్రమైనదా అన్నది రెండవది. దాని శాతం ఎంత, ఎంత కాలం ఉంటుంది అన్నది మూడవది. సర్వీసు పూర్తి చేసుకొని విడుదలైన వారికి వైకల్య భాగం లభించాలంటే సేవా సంబంధం నిర్ధారణ కావడంతో పాటు వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి.

2006 తరువాతి వేతన విధానంలో 100 శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం చొప్పున, తక్కువ వైకల్యానికి ఆ దామాషాలో లెక్కిస్తారు. ఉదాహరణకు, చివరి వేతనం 40 వేల రూపాయలైన వానికి 100 శాతం వైకల్యానికి 12 వేలు, 20 శాతానికి 2,400 రూపాయలు వస్తాయి. అయితే 50 శాతం లోపు వైకల్యాన్ని 50 శాతంగా పరిగణించే సవరింపు వర్తించినప్పుడు ఆ 2,400 రూపాయలే 6 వేలు అవుతాయి. సర్వీసు పూర్తి చేసి విరమించిన వారికి కూడా ఈ సవరింపు వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 10న తీర్పునిచ్చింది. 19 శాతానికి, 20 శాతానికి మధ్య ఉన్న ఒక్క అంకె ఎంతటిదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఏ నిబంధనలు వర్తిస్తాయన్నది విడుదల తేదీని బట్టి ఉంటుంది. 2023 సెప్టెంబరు 21 తరువాత విరమించిన వారికి 2023 నాటి అర్హతా నిబంధనలు వర్తిస్తాయి. అంతకు ముందు వారికి ఆయా కాలాలలో అమలులో ఉన్న 1982, 2008 నియమావళులు వర్తిస్తాయి. పొరుగువానికి వచ్చిన శాతాన్ని చూసి తనకూ అంతే రావాలని భావించడం సరికాదు.

విదేశాలలో ఉన్న బంధువుల ద్వారా తెలిసే సమాచారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికాలో మాజీ సైనికులకు గుర్తించిన సేవా సంబంధ వైకల్యాలలో చెవిహోరుదే మొదటి స్థానం. అక్కడ ఒక చెవిలో ఉన్నా, రెండు చెవులలో ఉన్నా దానికి 10 శాతం స్థిర రేటు నిర్ణయించారు. ఆ లెక్క మన దేశంలో వర్తించదు. ఇక్కడ సైనిక వైద్యాధికారుల మార్గదర్శిని ప్రకారం వైద్య బోర్డే శాతాన్ని అంచనా వేస్తుంది. ఒకటికి మించి వైకల్యాలున్నప్పుడు వాటి శాతాలను నేరుగా కూడక సంయుక్త అంచనా వేస్తారు.

కాగితాలే తొలి సాక్ష్యం

ఫిరంగి దళంలో ఒకే తోపు వద్ద పనిచేసిన ఇద్దరు సైనికులను ఊహించుకొనవచ్చు. ఇద్దరి చెవులలోను ఒకే హోరు. ఒకరు ఫైరింగు రేంజి నుంచి వచ్చిన మరునాడు సిక్ రిపోర్టు చేసి, యూనిట్ వైద్యాధికారి వద్ద బాధను నమోదు చేయించుకొన్నారు. రెండవవారు మెడికల్ కేటగిరీ తగ్గితే పదోన్నతి పోతుందని, సర్వీసు పొడిగింపు దక్కదని భయపడి మౌనం వహించారు. విడుదల వైద్య పరీక్షలో ఏ బాధా లేదని సంతకం చేశారు. పదేళ్ల తరువాత ఇద్దరూ దరఖాస్తు చేసినప్పుడు మొదటివారి పక్షాన ఒక చిన్న కాగితం మాట్లాడుతుంది. రెండవవారి సంతకమే ఆయనకు అడ్డు నిలుస్తుంది. ఇట్టి పరిస్థితిలో ఉన్నవారు నిరాశ చెందనవసరం లేదు. కానీ వారు సమకూర్చుకోవలసిన ఆధారాలు మరింత బలంగా ఉండాలి.

సైన్యంలో చేరినప్పుడు నమోదు కాని వ్యాధి సర్వీసులో తలెత్తితే, చేరే నాటికి ఆ వ్యక్తి ఆరోగ్యవంతుడేనని భావించాలని, నిరూపణ భారం సాధారణంగా దరఖాస్తుదారునిపై ఉండదని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. 2008 నియమావళి కూడా సాధారణంగా దరఖాస్తుదారుని రుజువు కోరరాదని చెబుతూనే, విడుదలై 15 ఏళ్లు దాటి, నిర్ణీత కాలం ముగిసినందున సర్వీసు పత్రాలు నాశనం చేసిన తరువాత పెట్టుకొన్న దరఖాస్తులలో రుజువు భారాన్ని దరఖాస్తుదారునిపై మోపింది. కాలయాపన ఎవరికి నష్టమో ఇందుమూలంగా తెలుస్తుంది.

సమకూర్చుకోవలసిన పత్రాలు ఇవి: డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు, విడుదల వైద్య బోర్డు నివేదిక అయిన ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్.-16 ప్రతి, ప్రమాదం లేదా పేలుడు సంభవించి ఉంటే ఐ.ఎ.ఎఫ్.వై.-2006 గాయపు నివేదిక, సైనిక ఆసుపత్రులలో చేరిన కేసు షీట్లు, సర్వీసులో తీసిన పాత ఆడియోగ్రామ్‌లు, విడుదల తరువాత చికిత్స పొందిన చీటీలు. పనిచేసిన యూనిట్లు, ఆయుధం లేదా యంత్రం పేరు, అక్కడ గడిపిన సంవత్సరాలు ఒక కాగితంపై వరుసగా రాసుకోవాలి. తోటి సైనికుల వాంగ్మూలం సర్వీసు పత్రానికి ప్రత్యామ్నాయం కాజాలదు. అయితే ఏ సంవత్సరంలో, ఏ ఆసుపత్రి రికార్డులో వెతకాలో అది దారి చూపుతుంది.

పత్రాలు తమ వద్ద లేనివారు తమ రికార్డు ఆఫీసుకు రాయాలి. ఫిరంగి దళం వారికి నాసిక్ రోడ్డులోను, మద్రాసు రెజిమెంటు వారికి వెల్లింగ్టన్‌లోను, సిగ్నల్స్ వారికి జబల్‌పూర్‌లోను, ఈ.ఎం.ఈ. వారికి సికింద్రాబాదులోను రికార్డు ఆఫీసులు ఉన్నాయి. నావికులు ముంబైలోని కమోడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌ను, వాయుసైనికులు న్యూఢిల్లీ సుబ్రతో పార్కులోని రికార్డు ఆఫీసును సంప్రదించాలి. సమాధానం రానిచో సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో తమ వైద్య పత్రాల ప్రతులు కోరవచ్చు. దరఖాస్తు రాయడంలో శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సహాయం పొందవచ్చు.

పరీక్షకు ముందు పక్షం రోజులు

చెవిలో గుబిలి గట్టిపడి ఉంటే వినికిడి పరీక్ష ఫలితం తారుమారవుతుంది. పరీక్షకు పది, పదిహేను రోజుల ముందే చెవి వైద్యునిచే శుభ్రం చేయించుకోవాలి. పిన్నీసు, అగ్గిపుల్ల, వేడి నూనె వంటివి వాడరాదు. జలుబు, చెవిలో చీము ఉంటే ముందుగా చికిత్స పొందాలి. తగ్గకపోతే ఆ సంగతి బోర్డుకు తెలియజేయాలి.

పెద్ద శబ్దం విన్న తరువాత కొన్ని గంటల పాటు వినికిడి తాత్కాలికంగా మందగిస్తుంది. కావున పరీక్షకు ముందు కనీసం 16 గంటలు నిశ్శబ్ద వాతావరణంలో గడపాలి. గ్రామదేవత సంబరాలు, పెళ్లి ఊరేగింపులు, బాణసంచా, మైకుల హోరుకు ఆ రోజు దూరంగా ఉండాలి. విశాఖపట్నంలోని ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణి వంటి నౌకాదళ ఆసుపత్రికో, మరింత దూరంలోని సైనిక ఆసుపత్రికో పిలుపు వచ్చినప్పుడు రాత్రంతా ప్రయాణించి నేరుగా పరీక్షకు హాజరు కావడం మంచిది కాదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ప్రాంతాల వారు ముందు రోజే చేరుకొని విశ్రాంతి తీసుకోవాలి. నిద్రలేమి, అలసట హోరును పెంచుతాయి. పరీక్షలో సన్నని శబ్దాలకు సరిగా స్పందించనీయవు.

వాడుతున్న మందుల పూర్తి జాబితా వెంట ఉండాలి. ఆస్పిరిన్, క్వినైన్, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్, ఫ్యూరోసెమైడ్ వంటి మందులు చెవిపై ప్రభావం చూపగలవు. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్నందున అక్కడి మాజీ సైనికులు ఈ అంశంపై ప్రత్యేక శ్రద్ధ వహించాలి. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి మూత్రపిండాల ద్వారానే బయటకు పోవాలి. మూత్రపిండాలు బలహీనపడితే అవి శరీరంలో నిలిచిపోయి చెవికి ఎక్కువ హాని చేస్తాయి. కిడ్నీ వ్యాధి ఉన్న సంగతి దాచిపెడితే మందుల చీటీల ద్వారా అది బయటపడక తప్పదు. వ్యాధి ఏ సంవత్సరంలో బయటపడింది, హోరు అంతకు ఎన్నేళ్ల ముందు నుంచి ఉంది అని తేదీలతో చూపడమే తగిన మార్గం. రక్తపోటు, మధుమేహం మందులను పరీక్ష పేరిట ఆపరాదు.

పరీక్ష గదిలో

మొదట వైద్యుడు కర్ణభేరిని పరిశీలిస్తారు. శ్రుతిదండాన్ని మోగించి నుదుటిపైన, చెవి వెనుక ఎముకపైన ఆనించి, లోపం మధ్య చెవిలో ఉన్నదా, లోపలి చెవిలో ఉన్నదా అని నిర్ధారిస్తారు. సైనిక వైద్యంలో మాటతో చేసే పరీక్షకు ప్రాధాన్యం ఉంది. మామూలు మాట, గుసగుస ఎంత దూరం నుంచి వినిపిస్తున్నాయో కొలుస్తారు. ఆరోగ్యవంతుని ప్రమాణం 600 సెంటీమీటర్లు. తరువాత శబ్దం చొరని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు వినికిడిని పరీక్షిస్తారు. శబ్దం ఎంత సన్నగా వినిపించినా, అది శబ్దమో తన హోరో అన్న సందేహం కలిగినా, వినిపించిందనిపించగానే మీట నొక్కాలి. తన హోరు పరీక్ష శబ్దంతో కలిసిపోతున్నదని ముందుగా చెబితే, పరీక్షకులు ఆగి ఆగి వచ్చే శబ్దాన్ని వాడగలరు.

ఎక్కువ శాతం వస్తుందన్న ఆశతో వినిపించిన శబ్దాన్ని వినిపించలేదనడం ప్రమాదకరం. ఒకే పరీక్షను మళ్లీ చేసినప్పుడు అబద్ధపు సమాధానాలు ఒకేలా రావు. ఒక చెవి వినిపించదని నటించేవారిని స్టెంగర్ పరీక్ష పట్టిస్తుంది. బేరా వంటి పరీక్షలు రోగి సమాధానంతో పని లేకుండానే శ్రవణ నాడి స్పందనను నమోదు చేస్తాయి. ఒక్క అబద్ధం బయటపడితే చెప్పిన నిజాలపైన కూడా నమ్మకం పోతుంది.

ఏమి చెప్పాలి

బాధను తన సొంత మాటలలో, లెక్కలతో చెప్పాలి. హోరు ఎప్పుడు మొదలైంది, ఏ సంఘటన తరువాత మొదలైంది, ఒక చెవిలోనా రెండింటిలోనా, నిరంతరమా అప్పుడప్పుడా, ఎలాంటి శబ్దం అన్న ఐదు ప్రశ్నలకు సమాధానం ముందే ఆలోచించుకోవాలి. 'చాలా బాధగా ఉంది' అన్న మాట కన్నా 'రాత్రి రెండు గంటలు దాటితే గాని నిద్ర పట్టదు, ఫోనులో ఎడమ చెవితో మాట తెలియదు, నలుగురు కూర్చున్నచోట సంభాషణ అందుకోలేను' అన్న మాటలు బోర్డుకు ఎక్కువ ఉపయోగపడతాయి. తెలుగులోనే సరిగా చెప్పగలిగినవారు ఆ సంగతి తెలిపి, అర్థమయ్యే భాషలో ప్రశ్నలు అడగవలసిందిగా కోరవచ్చు. సైనికునిగా అలవడిన ఓర్పుతో 'అంతా బాగానే ఉంది సాబ్' అని ముగించడం ఇక్కడ తగదు. లేనిది కల్పించడమూ తగదు.

విడుదల తరువాత చేసిన పని గురించి బోర్డు అడుగుతుంది. టెక్కలి ప్రాంతపు గ్రానైటు క్వారీలలోనో, రాతి క్రషర్లలోనో, జనపనార మిల్లులలోనో కొన్నేళ్లు పనిచేసిన వారు ఆ సంగతిని దాచరాదు. ఆ పనిలో చేరకముందే హోరు ఉన్నదని తెలిపే చీటీ ఉంటే అది ఎంతో విలువైనది.

నిర్ణయం అనంతరం

బోర్డు అభిప్రాయం, శాతం, కారణాలు రాసిన నివేదిక ప్రతిని కోరి తీసుకోవాలి. సేవా సంబంధం లేదని రాసినప్పుడు అందుకు చూపిన కారణాన్ని శ్రద్ధగా చదవాలి. ఉత్తర్వులో పేర్కొన్న గడువులోగా మొదటి అప్పీలు, అక్కడ న్యాయం దొరకనిచో రెండవ అప్పీలు చేసుకొనే వీలుంది. ఆ తరువాత 2007 నాటి చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ చెన్నై ధర్మాసనం పరిధిలో ఉంది. అప్పీలులో ఆవేదన కన్నా తేదీలు ముఖ్యం. జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ 2025 జూలై 26న ప్రారంభించిన వీర్ పరివార్ సహాయతా యోజన సైనికులకు, మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం అందించడానికి ఉద్దేశించినది.

రాష్ట్ర ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే దివ్యాంగ ధ్రువపత్రం ఇందుకు భిన్నమైనది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 రెండు చెవులలోను 60 డెసిబెల్స్, అంతకు మించిన వినికిడి లోపాన్నే లెక్కలోకి తీసుకొంటుంది. వినికిడి లోపం లేని హోరుకు ఆ ధ్రువపత్రం లభించదు. అది లభించనంత మాత్రాన సైనిక పింఛను దరఖాస్తు చెల్లదని భావించరాదు.

చికిత్స వాయిదా వేయరాదు

పింఛను తేలే వరకు చికిత్స ఆపుకొనవలసిన అవసరం లేదు. 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైన మాజీ సైనికుల వైద్య పథకం ఈ.సి.హెచ్.ఎస్. సభ్యులు తమ పాలిక్లినిక్ ద్వారా చెవి వైద్య నిపుణుని వద్దకు సిఫారసు పొందవచ్చు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని, విశాఖపట్నంలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని కూడా సంప్రదించవచ్చు. హోరును పూర్తిగా మాన్పే మందు లేదు. అయినప్పటికీ వినికిడి లోపం ఉన్నవారికి శ్రవణ యంత్రం, నిద్రవేళ ఫ్యాను శబ్దం వంటి మృదువైన నేపథ్య ధ్వని, మానసిక సలహా చికిత్స గణనీయమైన ఉపశమనం కలిగిస్తాయి. అకస్మాత్తుగా ఒక చెవి వినిపించకపోయినా, హోరు నాడితో పాటు కొట్టుకొంటున్నా, తల తిరుగుడు తోడైనా వెంటనే వైద్యుని చూడాలి. ఆకస్మిక చెవుడుకు తొలి రెండు వారాలలో చేసే చికిత్సే ఎక్కువ ఫలిస్తుంది. హోరు వల్ల నిద్ర కరవై, దిగులు ఆవరించినవారు ఆ సంగతి కుటుంబంతోను, వైద్యునితోను చెప్పుకొనడం చిన్నతనం కాదు.

ప్రస్తుతం సర్వీసులో ఉన్నవారికి ఈ వ్యాసం మరింత అవసరం. ఫైరింగు తరువాత చెవి గింగురుమన్న ప్రతిసారి దానిని నమోదు చేయించుకోవడం, విడుదల వైద్య పరీక్షలో బాధను దాచకుండా చెప్పడం, తమ వైద్య పత్రాల ప్రతులు ఇంటికి తెచ్చుకోవడం అనే మూడు పనులు భవిష్యత్తులో ఎన్నో ప్రయాసలను తప్పిస్తాయి. మాజీ సైనికులు, వారి కుటుంబ సభ్యులు ఇంట్లోని పాత ట్రంకు పెట్టెలను ఒకసారి తెరిచి, ఉన్న ప్రతి కాగితాన్ని భద్రపరచుకొని, లేనివాటి కోసం జాప్యం చేయక దరఖాస్తు చేసుకోవలసిందిగా కోరడమైనది.